ఎదుటి పేజీ

ఆ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు నడిపే రాజకీయ పత్రికకు ఒక మొండి పట్టు ఉండేది. ఎవరిని విమర్శిస్తే వాళ్ళకు అచ్చుకు ముందే వ్యాసం చూపించాలి, ఎదుటి పేజీ మొత్తం వాళ్ళ జవాబుకు వదలాలి. జవాబు రాకపోతే ఆ పేజీ తెల్లగానే అచ్చవుతుంది, అడుగున ‘సమాధానం రాలేదు’ అన్న ఒక్క ముక్కతో. తెల్ల పేజీ అంటే తలపండిన ఆచార్యులకు కూడా గుండెల్లో రాయి పడేది.

ఈసారి వ్యాసం సంపాదకురాలే రాసింది. సాయంత్రం కాగానే గ్రంథాలయంలో చదువుకునే గదికి తాళం వేస్తున్నది కరెంటు పొదుపు కోసం కాదని, ఫీజుల పెంపు మీద విద్యార్థులు అక్కడ కూడి మాట్లాడుకుంటున్నందుకేనని. ఆ ఉత్తర్వు కింద సంతకం గ్రంథాలయాధికారిది. ఆవిడ సంపాదకురాలికి స్వయానా పిన్ని. పైగా ఈ పిల్ల ఉంటున్నదీ తింటున్నదీ ఆ పిన్ని ఇంట్లోనే.

వ్యాసం ఇస్తే పిన్ని కళ్ళజోడు పెట్టుకుని చదివి, మడిచి సంచిలో పెట్టుకుంది. కూర వడ్డిస్తున్నప్పుడు కూడా ఆ ఊసెత్తలేదు. పిల్లకు అన్నం సహించలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

గడువు దాటినా జవాబు రాలేదు. పత్రికకు బొమ్మలు వేసే ‘గడ్డం’ నసిగాడు. ఇంటి మనిషిని రచ్చకీడ్చడం దేనికి, ఈ ఒక్కసారికి ఆ పేజీలో కార్టూన్ వేసేద్దామన్నాడు. సంపాదకురాలి ప్రాణమూ అటే లాగింది. కాని అందరికీ తెల్ల పేజీ వేసి, పిన్ని దగ్గరికొచ్చేసరికి మెత్తబడితే ఇక ఈ పత్రిక ముఖం ఎవరు చూస్తారు? వ్యాసం కింద ‘ఈ అధికారి నా పిన్ని’ అని చేర్చి, ఎదుటి పేజీని తెల్లగానే అచ్చుకు పంపింది.

అచ్చయిన ప్రతిని తనే ఇంటికి పట్టుకెళ్ళింది. పిన్ని ఆ తెల్ల పేజీని అరచేత్తో నిమిరింది.

“జవాబు పైవాళ్ళే టైపు చేయించి పంపారే. అంతా కరెంటు కోసమేనని. నేను సంతకం పెడితే చాలన్నారు. తిప్పి పంపేశాను.”

“మరి నిజం రాయొచ్చుగా పిన్నీ?”

“అంత ధైర్యం నాకెక్కడిది? ఇన్నేళ్ళూ ఏ కాగితం ముందు పెట్టినా సంతకం చేశాను. చెయ్యనిది ఇదొక్కటే.”

వచ్చే సంచికలో ఆ సంగతి వెయ్యాలని సంపాదకురాలికి చెయ్యి ఒకటే దురద. వేస్తే పిన్ని ఉద్యోగానికి ఎసరు. పత్రిక చేపట్టాక ఆమె తెలిసి తెలిసి దాచిన మొదటి వార్త అదే.