బెంచీకి గడి లేదు

లెక్కల టీచరు పాఠం చెబుతూ తరగతి గదిలో ఒక్కచోట నిలబడేది కాదు. సుద్దముక్క ఒక చేతిలో పట్టుకుని, రెండో చేతిని ఖాళీగా ఉన్న చోట్ల మీద ఒక్కొక్కటిగా ఆనించుకుంటూ బెంచీల మధ్య తిరిగేది. సర్కారు బడుల్లో సగం మంది పిల్లలు బడికొచ్చి, మిగతా సగం ఇంట్లో ఫోను ముందు కూర్చునే పద్ధతి వచ్చి రెండేళ్ళయింది. ఒకరోజు వీళ్ళు, మర్నాడు వాళ్ళు. ఇంట్లో ఉన్న పిల్ల పాఠం వింటుంటే బడిలో ఆ పిల్ల కూర్చునే చోటు వెచ్చబడేది. వినకపోతే చల్లగా ఉండేది.

"రెండో బెంచీ చివర, ఆవులించింది చాలు, ఇటు చూడు," అని టీచరు ఫోనులోకి కేకేస్తే, ఎక్కడో ఊరి చివర ఇంట్లో ఒక పిల్లవాడు ఉలిక్కిపడి నిటారుగా కూర్చునేవాడు. క్లాసు ఫస్టు పిల్ల ఇంట్లో ఉన్న రోజున అటెండరు తన టీ గ్లాసు తెచ్చి ఆ చోటులో పెట్టుకునేవాడు, తాగేదాకా చల్లారకుండా ఉంటుందని.

మూడో వరసలో కిటికీ పక్క బెంచీ నలుగురిది. దాని మీద ఒక్కతే కూర్చునేది, అందరూ డౌటు అని పిలిచే పిల్ల. ఆ పిల్ల అడిగే సందేహాల మధ్య తమకి పాఠం వినబడటం లేదని మిగతా ముగ్గురూ ఎప్పుడో వేరే బెంచీలకి లేచిపోయారు. డౌటుకి ఒక జబ్బుంది. తప్పు వింటే ఊరుకోలేదు. ఒకసారి ప్రార్థనలో హెడ్‌మిస్ట్రెస్ తారీఖు తప్పు చెబితే వరసలోంచి చెయ్యెత్తింది.

ఆ చోటు చల్లబడి ఆ శుక్రవారానికి పదకొండు రోజులు.

కూతురికి ఒంట్లో బాగాలేదనీ, అన్ని రోజులూ ఇంటి నుంచే వింటుందనీ తండ్రి కాగితం రాసి పంపాడు. యాప్‌లో ఆ పిల్ల పేరు పక్కన పచ్చ చుక్క రోజూ ఠంచనుగా వెలుగుతోంది. హాజరు నూటికి నూరు. మొదటి రెండు రోజులూ జ్వరమేమో, పడుకుందేమో అనుకుంది టీచరు. ఆ తర్వాత ఆ చోటు మీద చెయ్యి పెట్టాలంటేనే భయం పట్టుకుంది. పోయినేడు వెనక బెంచీలో ఒక చోటు ఇలాగే చల్లబడితే, రేపో మాపో వస్తాడులే అని ఊరుకుంది. వాడు రాలేదు. పరీక్ష రాయని పిల్లల పేర్లు యాప్ దానంతటదే కొట్టేస్తుంది. కొట్టేశాక ఆ పిల్లవాడి గురించి అడిగేవాళ్ళే లేకపోయారు.

ఈ ఏడు పరీక్ష సోమవారం.

"ఏమని రాయమంటావు?" అంది హెడ్‌మిస్ట్రెస్ తల పట్టుకుని. "పిల్ల రావడం లేదని రాస్తే, యాప్‌లో వస్తోందిగా అంటారు. బెంచీ చల్లగా ఉందంటే నేను నమ్ముతాను. పైవాళ్ళూ నమ్ముతారు. నమ్మి ఏం చేస్తారు?"

టీచరు పైఆఫీసుకి తనే ఫోన్ చేసింది. అక్కడి గుమాస్తా మంచివాడే, ఓపిగ్గా విన్నాడు.

"పదకొండు రోజులా! అయ్యో, తేలిగ్గా తీసుకోకూడదు మేడమ్. మావాడి బెంచీ ఒక్కపూట చల్లబడితేనే మా ఆవిడ కంగారుపడిపోయింది. వెంటనే మనిషిని పంపాల్సిన విషయమే."

"పంపండి మరి."

"పంపాలంటే యాప్‌లో ఎక్కించాలి. యాప్‌లో బెంచీకి గడి లేదు మేడమ్."

ఫోను పెట్టేసి, మధ్యాహ్నం బెల్లు కొట్టగానే టీచరు డౌటు ఇంటికి బయల్దేరింది.

ఒకే గది. తండ్రి మంచం మీద పడుకుని ఉన్నాడు. గోడలకి రంగులేసే మనిషి, నిచ్చెన మీంచి పడ్డాక నడుము లేవడం లేదు. తలగడ బదులు అట్టముక్కలు కూరిన సంచి పెట్టుకున్నాడు. ఎదురుగా స్టూలు మీద మంచినీళ్ళ సీసాకి ఆనించి ఫోను. మధ్యాహ్నం పూట యాప్ పొద్దుటి పాఠాన్నే మళ్ళీ వినిపిస్తుంది. "అర్థమైందా? అర్థం కాకపోతే అడగండి," అని తన గొంతే ఆ పిల్ల లేని గదిలో మొత్తుకోవడం విని టీచరుకి ఏడుపొచ్చింది. ఇన్ని రోజులూ తను ఈ సీసాకి భిన్నాలు నేర్పింది.

"పిల్లేదండీ?"

"క్లాసులో ఉంది టీచర్‌గారూ," అన్నాడు తండ్రి ఫోను వంక చూపిస్తూ. తర్వాత ఆమె మొహం వంక చూడలేక గోడ వైపు తిరిగాడు.

"సోమవారం పరీక్ష. రాయకపోతే పేరు కొట్టేస్తారు. ఎక్కడికి పంపారో చెప్పండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"అంత మాటనకండి. చెప్తే పనిచ్చినవాళ్ళు దాన్ని రేపట్నుంచి రావద్దంటారు. నేను లేచేదాకానే అన్నాను. నేను లేవలేదు." తలకింది సంచి సర్దుకున్నాడు. "అది వెళ్ళనని ఒక్కరోజు కూడా అనలేదండీ. అని ఉంటే బావుండేది."

టీచరు మంచం తలవైపు చూసింది. తలగడ సంచి నోట్లోంచి చెప్పులపెట్టెల అట్ట అంచులు కనబడుతున్నాయి, ఇంకా జిగురు ఆరనివి. ఊళ్ళో అట్టపెట్టెలు చేసే వీధి ఒక్కటే. కానీ ఆ వీధిలో అరవై షెడ్లున్నాయి, అన్నిటికీ షట్టర్లు దించే ఉంటాయి. తట్టి అడిగితే, మా దగ్గర పిల్లలెవరూ లేరనే చెబుతారు.

ఆమె బడికి పరిగెత్తుకొచ్చి అటెండరుని పిలిచింది.

"ఆ బెంచీ పట్టు."

"ఎక్కడికి టీచర్?"

"పాఠం చెప్పడానికి."

అటెండరు వెళ్ళి, బడి ఎదురుగా పాత పేపర్లు కొనేవాడి తోపుడుబండి అడిగి తెచ్చాడు. ఇద్దరూ బెంచీని దాని మీదకి ఎక్కిస్తుంటే హెడ్‌మిస్ట్రెస్ వరండాలోకొచ్చింది.

"బెంచీ ఎక్కడికి?"

"మరమ్మతుకండీ," అన్నాడు అటెండరు.

ఆవిడ బెంచీ వంక చూసింది, టీచరు వంక చూసింది. "సాయంత్రంలోగా తెచ్చెయ్యండి," అని లోపలికి వెళ్ళిపోయింది.

అట్టపెట్టెల వీధిలో మిషన్ల చప్పుడుకి మనిషి మాట మనిషికి వినబడదు. అటెండరు బండి తోస్తుంటే, టీచరు డౌటు చోటు మీద అరచెయ్యి పెట్టి, పక్కన నడుస్తూ, గొంతు చించుకుని పాఠం మొదలుపెట్టింది. లవం అంటే పైది. హారం అంటే కిందిది. టీ తాగుతున్న కూలీలు గ్లాసులు పట్టుకుని చూస్తూ ఉండిపోయారు. ఒక డ్రైవరు హారన్ కొట్టబోయి, బండి మీది బెంచీ చూసి పక్కకి తప్పుకున్నాడు.

పది షెడ్లు దాటారు. చెక్క చల్లగానే ఉంది. ముప్పై దాటారు. టీచరు గొంతు బొంగురుపోయింది. నలభయ్యోదాని దగ్గర మాట పెగల్లేదు. అటెండరు నీళ్ళు తెచ్చిచ్చాడు. "ఇక్కడ లేదేమో టీచర్, వేరే ఊరు పంపేశారేమో," అన్నాడు మెల్లిగా. ఆమెకీ అదే అనిపిస్తోంది. అందుకే అతని మీద కయ్యిమంది. "తొయ్యి!"

నీలం షట్టరున్న షెడ్డు దాటుతుండగా చెక్క గోరువెచ్చనైంది. ఎండకేమోనని టీచరు తన కొంగు అడ్డం పట్టి, మళ్ళీ చెయ్యి పెట్టి చూసింది. వెచ్చగానే ఉంది.

"ఆపు!"

షట్టరు కదల్లేదు. లోపల మిషను ఆడుతూనే ఉంది. ఈ షట్టరు ఎలా లేపాలో ఆమెకి తెలియదు. తెలిసిందల్లా ఆ పిల్ల జబ్బు ఒక్కటే. ఉన్న గొంతంతా కూడదీసుకుని, పదిహేనేళ్ళ సర్వీసులో ఎన్నడూ చెప్పని పాఠం చెప్పింది.

"ఇప్పుడు సగానికి మూడోవంతు కలుపుదాం. పైన ఒకటీ ఒకటీ రెండు. కింద రెండూ మూడూ అయిదు. కాబట్టి జవాబు, అయిదింట రెండు వంతులు! అందరూ రాసుకోండి! అయిదింట రెండు!"

అరచేతి కింద చెక్క చుర్రుమంది. లోపల మిషను ఆగింది. షట్టరు అడుగునుంచి మూరెడు పైకి లేచి, ఆ సందులోంచి మోచేతుల దాకా జిగురంటుకున్న ఒక పిల్ల పాక్కుంటూ బయటికొచ్చింది.

"కాదు టీచర్! సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గిపోతుందా?"

అడిగేశాక గానీ తను ఎక్కడున్నదీ ఆ పిల్లకి గుర్తుకు రాలేదు. మొహం పాలిపోయింది. వెనక్కి తిరగబోతుంటే టీచరు ఆ జిగురు చెయ్యి పట్టేసుకుంది.

షెడ్డు యజమాని బయటికొచ్చాడు. "వాళ్ళ నాన్నే పంపాడమ్మా. ఇష్టమైతే అడగండి. తీసుకుపోతే తీసుకుపోండి, నాకేం నష్టం? మా దగ్గర ఇంకెవరూ పిల్లల్లేరు."

"టీచర్," అన్నాడు అటెండరు. అతను బెంచీ రెండో చివర చెయ్యి ఆనించుకుని నిలబడి ఉన్నాడు. "ఇక్కడ కూడా కాలుతోంది."

టీచరు వచ్చి చూసింది. డౌటు పక్క చోటు, దాని పక్కది, ఆ చివరది. ఎవరూ కూర్చోని మూడు చోట్లూ వేడిగా ఉన్నాయి. టీ గ్లాసులు పట్టుకున్న కూలీలు ఒక్కొక్కరే వచ్చి చెయ్యి పెట్టి చూసి, యజమాని వైపు తిరిగారు. అతనికీ పిల్లలున్నారు, బెంచీ అంటే ఏమిటో తెలుసు. చివరికి తనే వంగి షట్టరు పూర్తిగా లేపాడు.

ముగ్గురు ఆడపిల్లలు వెలుతురికి కళ్ళు చికిలించుకుంటూ వచ్చి నిలబడ్డారు. పెద్దదానికి పన్నెండుంటాయేమో, చిన్నదానికి తొమ్మిది కూడా ఉండవు. ఏ యాప్‌లోనూ, ఏ రిజిస్టరులోనూ వాళ్ళ పేర్లు లేవు.

డౌటు బండెక్కి తన చోట కూర్చుంది. చిన్నది బండి అంచు పట్టుకుని, ఎక్కకుండా అటెండరుని అడిగింది.

"తాతా, మేం ఏ బడిలోనూ లేము. మేం కూర్చోవచ్చా?"

"ఇందాకట్నుంచీ కూర్చునే ఉన్నారు కదమ్మా," అన్నాడు అటెండరు, దాన్ని ఎత్తి బెంచీ మీద పెడుతూ.

బండి బరువెక్కింది. అతనొక్కడి వల్ల కాలేదు. టీచరు కొంగు నడుముకి దోపుకుని రెండోవైపు చెయ్యి వేసింది.