పందిళ్ళ వారింటి తాళం

నేను ఒక తాళం కప్పని. ఇత్తడి ఒళ్ళు, కడుపులో ఏడు లివర్లు, పుట్టింది అలీగఢ్‌లో. మనుషులు ఒకరినొకరు నమ్మలేక నన్ను చేసుకున్నారు. తీరా చేసుకున్నాక నన్నూ నమ్మరు, వేసిన ప్రతిసారీ రెండుసార్లు లాగి చూస్తారు.

తణుకులో ఒక ఇనుపసామాన్ల కొట్లో చాలాకాలం మేకుకి వేలాడాక, ఆషాఢంలో ఒక శుక్రవారం పొద్దున నాకు మోక్షం కలిగింది. కొన్నవారు శేషావతారం గారు. ఇళ్ళు తాకట్టు పెట్టుకుని అప్పులిచ్చే ఒక కంపెనీలో వసూళ్ళ ఆఫీసరు. కంపెనీ డబ్బే అయినా సొంత సొమ్ము పోతున్నట్టు నా ధర మీద అరగంట బేరమాడారు. ఆ బేరమే చెల్లాయమ్మ కొంప నిలబెట్టింది.

చెల్లాయమ్మ, ఆవిడ భర్త గంగరాజు పెళ్ళిపందిళ్ళు వేస్తారు. ఆ కంపెనీలోనే అప్పు తీసుకుని రెండు గదుల డాబా కట్టుకున్నారు. ఆ ఏడు వేసవంతా మూఢం, దాని తోక పట్టుకుని ఆషాఢం. ముహూర్తాలు లేవు కనుక పందిళ్ళు లేవు. వాయిదాలు మాత్రం నెలనెలా వేళ తప్పకుండా వచ్చాయి. నోటీసులు, గడువులు అన్నీ అయిపోయాయి. ఇంటివాళ్ళని బయటికి పంపి నన్ను బిగించడం ఒక్కటే మిగిలింది.

మేం వెళ్ళేసరికి సామానంతా అరుగు మీద ఉంది. గంగరాజు తల వంచుకుని నిలబడ్డాడు. శేషావతారం గారు నన్ను గొళ్ళెం దాకా తెచ్చి, వాచీ చూసుకుని ఆగిపోయారు. నా బేరంలో పోయిన అరగంట వల్ల పదిన్నర దాటింది, రాహుకాలం మొదలైంది. పన్నెండు దాటాక వేస్తానని అరుగు మీద చతికిలబడ్డారు. చెల్లాయమ్మ మూట విప్పి గ్లాసు వెతికి ఆయనకి మజ్జిగ ఇచ్చింది. ఇల్లు లాక్కోవడానికి వచ్చినవాడికి దాహం తీర్చడం మనుషులకే చెల్లింది.

ఆయన సగం తాగాక ఆవిడ మెల్లగా అంది.

"ఒక్క గంటన్నర మంచిది కాదని తాళం వెయ్యడానికే మీరు ఆగారు కదండి. నాలుగు నెల్లు మంచివి కావని ఊరంతా పెళ్ళిళ్ళాపేసిందండి. పెళ్ళి లేందే పందిరెవరు వేయించుకుంటారండి?"

ఆయన గ్లాసు కింద పెట్టేశారు.

"పంచాంగం నేను రాయలేదు కదమ్మా."

"వాయిదాలు రాసింది మీరే కదండి. వాటిని మార్చండి."

ఆవిడ అడిగింది దానం కాదు. ముహూర్తాలున్న నెలల్లో రెట్టింపు కడతామంది, లేని నెలల్లో వడ్డీ మాత్రం తీసుకోమంది. శ్రావణానికి మూడు పందిళ్ళు ఒప్పుకున్నామని, ఆ బయానా ఇప్పుడే పట్టుకెళ్ళమని కొంగుముడి విప్పింది. శేషావతారం గారు గడ్డం గోక్కున్నారు. తర్వాత వీధిలోకి వెళ్ళి మేనేజరుకి ఫోను చేసి, బతిమాలి, కసిరి, మళ్ళీ బతిమాలారు. నా కోసం ఆడిన బేరం దీని ముందు ఏ మూలకి! తిరిగొచ్చేటప్పటికి చొక్కా తడిసిపోయింది, మొహం వెలిగిపోతోంది. మేనేజరు ఒప్పుకున్నాడు. గంగరాజు బియ్యం బస్తా భుజానికెత్తుకుని లోపలికి నడిచాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ సంబరంలో ఆయన నన్ను అరుగు మీదే మరిచిపోయారు. శ్రావణంలో మొదటి వాయిదా కట్టడానికి వెళ్ళినప్పుడు చెల్లాయమ్మ నన్ను తిరిగి ఇవ్వబోయింది. శేషావతారం గారు కంపెనీ ఖర్చుల్లో రాసేశానని, ఉంచుకోమన్నారు.

ఇప్పుడు ముహూర్తాల రోజుల్లో మొగుడూ పెళ్ళాం గుంజలూ తాటాకులూ బండిలో వేసుకుని చీకటితోనే బయలుదేరతారు. నన్ను ఆ తలుపుకే బిగిస్తారు. చెల్లాయమ్మ రెండుసార్లు లాగి చూసి, తాళంచెవి తన బొడ్లో దోపుకుంటుంది.