గడియ వేసిన తలుపు

ఆ ఆశ్రయంలో తెల్లారిందంటే స్నానాల గది ముందు బకెట్ల వరస, వంటావిడ కేకలు, ఆ తర్వాత లాయరమ్మ టేపు పట్టుకుని వసారాలో తలుపులు కొలవడం. పారిపోయి వచ్చినవాళ్ళ వెనకాలే వాళ్ళింటి తలుపూ వస్తుంది. నెల పడుతుంది, రెండు నెలలు పడుతుంది. తలుపుకి బస్సులెక్కడం రాదు కదా. అది వచ్చి గోడకి చేరగిలబడగానే లాయరమ్మ దాని మీది గొడ్డలి గాట్లూ తూటా రంధ్రాలూ ఫొటోలు తీసి, నంబరేసి, ఫైల్లో పెడుతుంది. తలుపుంటే, ఈ దేశంలో ఉండనిమ్మని వేసిన కేసు సగం గెలిచినట్టే.

కుట్టుపని చేసే ఆవిడది మాత్రం నాలుగు నెలలైనా రాలేదు. అందరూ అయ్యో అనేవాళ్ళు. ఆవిడ మాత్రం రోజూ లేవగానే వసారాలోకి తొంగిచూసి, రాలేదని రూఢి చేసుకుని అప్పుడు ఊపిరి పీల్చుకునేది. ఆ తలుపవతల ఎవరున్నారో ఆవిడకి తెలుసు.

"విచారణ ఇవాళే. అది రాకపోతే మీ మాట తప్ప మన చేతిలో ఏమీ లేదమ్మా," అంది లాయరమ్మ.

"రాకుండా ఉంటేనే మంచిదండీ. నా మాట చాలదా?"

"చాలకపోతే రేపటి బండికే మిమ్మల్నీ పాపనీ వెనక్కి పంపేస్తారు."

ఆవిడ కూతురి జడ రెండుసార్లు వేసి రెండుసార్లు విప్పింది.

మేడమీది ఆఫీసులో విచారణకి కూర్చున్న ఆఫీసరు చెడ్డవాడేం కాదు. రోజుకి పన్నెండు కథలు వినీ వినీ చెవులు మొద్దుబారినవాడు. "తలుపుకి లోపల గడియ వేసే ఉందన్నారు. మరి బయటికెలా వచ్చారు?" అన్నాడు.

"వంటింటి కిటికీలోంచి పాపని దించి, నేనూ దూకానండీ."

"తలుపు కొడుతున్నది ఎంతమంది?"

"లెక్కపెట్టలేదండీ."

"అందరూ ఇలాగే చెబుతారు," అని ఆయన పెన్ను మూత తీశాడు.

అప్పుడొచ్చింది తలుపు. మెట్లు ఎక్కలేక ఎక్కి, గుమ్మంలోంచి ఏటవాలుగా దూరి, బీరువా పక్కన గోడకి ఆనుకుంది. నీలం రంగు, మధ్యలో పగులు, గడియ వేసింది వేసినట్టే ఉంది.

"నంబరెయ్యండి," అన్నాడు ఆఫీసరు అలవాటుగా. లాయరమ్మ టేపు తీసింది.

అవతలినుంచి ఎవరో తట్టారు.

మామూలుగా కొట్టేవాళ్ళు విసిగి వెళ్ళిపోయాకే తలుపులు బయలుదేరతాయి. ఇది వాళ్ళనీ మోసుకుంటూ వచ్చింది, అందుకే ఇంత ఆలస్యం. తట్టడం గుద్దడమైంది. గోడ సున్నం రాలింది. ఒక మగగొంతు, తొందరేమీ లేనట్టు, పాపని ముద్దుపేరుతో పిలిచి, "తియ్యమ్మా, మేమే," అంది. గడియ మేకొకటి ఊడి ఆఫీసరు బూటు దగ్గర పడింది.

"తియ్యకండి. మీకు దణ్ణం పెడతాను," అంది ఆవిడ. పాపని వాటేసుకుంది.

ఆఫీసరు లేచాడు. ఫైళ్ళతో సహా బల్లని ఈడ్చి తలుపుకి అడ్డం పెట్టాడు. అది చాలక తన వీపు ఆనించాడు. గుద్దు గుద్దుకీ ఒళ్ళదురుతుంటే చెయ్యి చాచి, "ఈవిడ కేసు కాగితం ఇటివ్వండి, త్వరగా," అన్నాడు. ఉండనివ్వవచ్చు అని రాసిన అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి. కింద సంతకం పెట్టాడు.

"పాపని తీసుకుని వెనక మెట్ల మీదుగా వెళ్ళండి."

"మరి మీరండీ?"

"వెళ్ళండమ్మా!"

మెట్ల మలుపులో ఆవిడ వెనక్కి చూసింది. లాయరమ్మ టేపు కింద పడేసి ఆయన పక్కన వీపు ఆనించింది. పక్క గదుల్లోంచి గుమాస్తాలు ఒక్కొక్కరే తలుపు వైపు వస్తున్నారు.