కిటికీ ముందు ఆగకూడదు

మా ఆయన యోస్ట్‌కి ఇల్లు కొనడం ఇష్టం లేదని నేననను. కానీ ఇల్లు చూడడం మహా ఇష్టం. ఇంటిని చూస్తాడు, పక్కింటిని చూస్తాడు, సాయంత్రం వీధిలో కార్లు ఎక్కడెక్కడ ఆపుతారో చూస్తాడు, చెత్త డబ్బాలు ఏ మూలన పెడతారో చూస్తాడు. గాలి పచ్చికబయళ్ళ వైపు నుంచి తిరిగితే పేడ వాసన వస్తుందో రాదో ముక్కు పైకెత్తి మరీ చూస్తాడు. ఈలోగా ఆ ఇల్లు ఇంకెవరో కొనుక్కుంటారు.

హౌటెన్‌లో ఇళ్ళు మనకోసం కూర్చోవు. యూట్రెక్ట్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడ ఇల్లు కొనలేని వాళ్ళందరి కళ్ళూ ఈ ఊరి మీదే. రైలెక్కి కూర్చున్నామో లేదో ఊరొచ్చేస్తుంది మరి. గురువారం ఇల్లు అమ్మకానికి పెడతారు. శనివారం చూడడానికి ఒక పావుగంట ఇస్తారు. మనం పైగదులు చూసి మెట్లు దిగేసరికి తర్వాతి జంట గుమ్మంలో వాచీ చూసుకుంటూ ఉంటుంది. మంగళవారం మధ్యాహ్నంలోగా ఎంతిస్తామో రాసి పంపాలి. పక్కవాళ్ళు ఎంత రాశారో ఎవరికీ తెలియదు. మంగళవారం మధ్యాహ్నానికి మా యోస్ట్ ఇంకా చెత్త డబ్బాల దగ్గరే ఉంటాడు.

నాకప్పుడు ఐదో నెల. మేం ఉంటున్నది యూట్రెక్ట్‌లో మా అత్తగారింటి అటకగదిలో. దానికి మెట్లున్నాయని మేం అంటాం గానీ అవి నిచ్చెనే. మంత్రసాని మొదటిసారి వచ్చినప్పుడు కింద నిలబడి వాటిని ఎగాదిగా చూసింది. "పసిబిడ్డని చంకనేసుకుని దీని మీంచి దిగుతావా తల్లీ? కాన్పులోగా వేరే చోటు చూసుకోండి, నేను మాత్రం ఒప్పుకోను" అంది. అత్తగారు మంచి మనిషే. రోజూ సాయంత్రం ఎంతో తియ్యగా "ఇల్లు దొరికిందామ్మా?" అని అడుగుతుంది. ఆ తీపికే నాకు ఒళ్ళు మండేది. బిడ్డ పుట్టేలోగా నాకొక తలుపు కావాలి, దాని తాళంచెవి నా జేబులో ఉండాలి. నేను కోరింది అంతే.

అక్టోబరు చివర్లో కాలువ పక్కనున్న వీధిలో బ్రాండ్స్మా గారి ఇల్లు అమ్మకానికొచ్చింది. వరసిళ్ళలో ఒకటి. ముందు కిటికీలోంచి వచ్చిన ఎండ వెనక కిటికీలోంచి పోతుంది, పెరట్లో ఒక బేరి చెట్టు, సైకిళ్ళు పెట్టుకోడానికో చిన్న కొట్టు. చూడగానే నా మనసు అక్కడే ఉండిపోయింది. విచిత్రం, యోస్ట్‌కి కూడా నచ్చింది. వీధి మొదట్లో కళ్ళ బొమ్మ వేసిన పలక ఒకటుంది. ఈ వీధివాళ్ళు ఫోన్ల గ్రూపు పెట్టుకుని కాపలా కాసుకుంటున్నారు, జాగ్రత్త అని దాని అర్థం. "చూశావా, ఎంత భద్రమైన వీధో" అని దాన్ని చేత్తో తట్టి మరీ మెచ్చుకున్నాడు.

అయితే బ్రాండ్స్మా గారు తొందరపడే మనిషి కాదు. భార్య పోయాక ఫ్రీస్లాండ్‌లో చెల్లెలి ఊరికి వెళ్ళిపోదామని ఇల్లు అమ్ముతున్నారు. మంగళవారం లెక్కలు నాకొద్దు, రెండు వారాలు గడువిస్తాను, ఎవరికివ్వాలో నేనే చూసుకుంటానని ఏజెంటుతో చెప్పారట. వేరే ఎవరికైనా అది వరం. మా ఆయన చేతిలో పెట్టకూడని వరం.

ఆ రెండు వారాలూ యోస్ట్ ఆఫీసు నుంచి ఇంటికి రాలేదు, తిన్నగా హౌటెన్ వెళ్ళాడు. మెరిసే పట్టీలున్న పసుపు రెయిన్‌కోటు వేసుకుని, వానైనా గాలైనా ఆ వీధిలో అటూ ఇటూ తిరిగాడు. అడుగులతో కార్ల జాగా కొలిచాడు. కొన్ని రోజులు నేనూ వెళ్ళాను. ఆ సంబడంలో నా ముఖం కనపడ్డం ఇష్టం లేక మలుపు దగ్గర సైకిల్ పట్టుకుని నిలబడేదాన్ని.

మా దేశంలో మేం కర్టెన్లు వేసుకోం. చీకటి పడగానే దీపాలు పెట్టుకుని అద్దాల కిటికీ పక్కనే కూర్చుంటాం. దారినపోయేవాళ్ళు చూస్తారు, చూడమనే తెరిచి పెడతాం. కానీ నడుస్తూ చూడాలి. ఆగకూడదు. ఇది బడికెళ్ళే పిల్లలకి కూడా ఎవరూ నేర్పక్కర్లేదు. యోస్ట్ ఆగుతాడు.

"ఏం చేస్తున్నావక్కడ?" అన్నాను ఒకరోజు పళ్ళ బిగువున.

"ఆ ఇంట్లో వాయించే డ్రమ్ములున్నాయి. మూలన చూడు."

"అది దీపం స్టాండు."

"డ్రమ్ములాగే ఉంది మార్లూస్. ఇంకాస్త దగ్గరికెళ్తే తెలుస్తుంది."

"వెళ్ళావంటే నిన్నిక్కడే వదిలేసి రైలెక్కేస్తా. అంత అనుమానముంటే బెల్లు కొట్టి అడగరాదూ?"

నడివీధిలో బట్టలు విప్పమన్నట్టు చూశాడు నన్ను. "చెప్పకుండానా? భోజనాల వేళ? ముక్కూ మొహం తెలియని వాళ్ళింటికి ఎవరైనా అలా వెళ్తారా?"

నిజం చెప్పాలంటే నేనూ వెళ్ళను. నా ప్రాణ స్నేహితురాలింటికి వెళ్ళాలన్నా ముందు డైరీలు తీసి రోజు కుదుర్చుకుంటాం. మా దేశంలో తలుపు తట్టే ముందే తలుపు తడతామని చెప్పాలి.

ఈసారి మాత్రం గడువులోగా ధర రాసి పంపాం. గడువు ముగిసిన మర్నాడు సాయంత్రం ఏజెంటు ఫోన్ చేసింది. "మీరు రాసిన ధర బాగానే ఉందండి. కానీ బ్రాండ్స్మా గారు ఇల్లు వేరేవాళ్ళకి ఇచ్చారు."

"వాళ్ళు ఎక్కువ రాశారా?"

"లేదండీ. మీకంటే కాస్త తక్కువే." ఆ అమ్మాయి గొంతు సర్దుకుంది. "వీధివాళ్ళు ఏదో చెప్పారట. రోజూ చీకటిపడే వేళకి ఒక మనిషి వచ్చి ఇళ్ళలోకి చూస్తున్నాడని. పసుపు రెయిన్‌కోటు..."

వంకీకి తగిలించిన పసుపు రెయిన్‌కోటు వైపు చూశాను. దాన్నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. దాని కింద కూర్చుని దాని యజమాని బఠాణీ సూప్ తాగుతున్నాడు.

"లే" అన్నాను.

"ఎక్కడికి?"

"హౌటెన్. ఆయనింటికి."

"ఇప్పుడా? ఆయనతో చెప్పకుండా ఎలా వెళ్తాం?"

"నువ్వు రెండు వారాల్నించి చెప్పకుండానే వెళ్తున్నావుగా!"

రైల్లో ఆయనకి వీపు పెట్టి కూర్చున్నాను. నోరు తెరిస్తే ఏమంటానో నాకే తెలియలేదు. ఇల్లు పోయిందన్న బాధ ఒకవైపు, అది ఈయనగారి శ్రద్ధ వల్లే పోయిందన్న కోపం ఇంకోవైపు. లోపల బిడ్డ కూడా కాళ్ళతో తంతోంది. తన్నాల్సింది ఎవర్నో దానికి తెలియదు పాపం.

బెల్లు నేనే కొట్టాను. తలుపు తీసింది ఒక పెద్దావిడ, చిన్న ఆకారం, తెల్లటి జుట్టు, ఎనభైకి దగ్గరపడ్డ వయసు. ఎదురింటి మీప్ గారని తర్వాత తెలిసింది. మమ్మల్ని కాదు, ముందు యోస్ట్ కోటుని చూసింది. లోపలికి తిరిగి కేకేసింది. "బ్రాండ్స్మా! నీకోసం... పసుపు కోటు వచ్చింది!"

లోపల అడుగుపెట్టి చూస్తే కుర్చీలన్నీ గుండ్రంగా వేసి ఉన్నాయి, వీధివీధంతా చేతుల్లో కేకు పళ్ళేలతో కూర్చుని ఉంది. కప్పు నుంచి కాగితం జెండాలు వేలాడుతున్నాయి. నా ఖర్మ కాకపోతే ఆయన పుట్టినరోజు ఆవేళే రావాలా?

మా దగ్గర పుట్టినరోజుకి వెళ్తే ఆ మనిషొక్కడికే శుభాకాంక్షలు చెబితే కుదరదు. కూర్చున్న ప్రతివాళ్ళకీ చెయ్యి కలిపి చెప్పాలి. పోట్లాడదామని వచ్చినదాన్ని, పళ్ళు నూరుకుంటూ గుండ్రంగా తిరిగాను. "మీ పక్కింటాయన పుట్టినరోజు, శుభాకాంక్షలండీ." "మీ ఎదురింటాయన పుట్టినరోజు, శుభాకాంక్షలండీ." నా వెనకే యోస్ట్, వాళ్ళ తివాచీ మీద నీళ్ళు కారుస్తూ. చివరికి బ్రాండ్స్మా గారి దగ్గరకొచ్చాను. పొడుగాటి మనిషి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు.

"శుభాకాంక్షలు" అన్నాను. "మా ఆయన దొంగ కాదు."

గదిలో చెంచాలు ఆగిపోయాయి. మీప్ గారు తన ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. అందులో యోస్ట్ ఉన్నాడు. ఒక ఫొటోలో వంగి చూస్తూ, ఒక ఫొటోలో అడుగులు లెక్కపెట్టుకుంటూ, ఒక ఫొటోలో గాల్లోకి ముక్కెత్తి. కింద రాతలు: 'మళ్ళీ వచ్చాడు.' 'ఇవాళ మా పెరట్లోకి చూశాడు.' 'వాసన చూస్తున్నాడు, ఎందుకో.' ఆఖరి ఫొటోలో నేను. 'మలుపులో సైకిల్‌తో ఒక ఆడమనిషి కాపలా. బాగా లావుగా ఉంది.'

కోటు విప్పి పొట్ట చూపించాను.

"అయ్యో తల్లీ, కడుపుతో ఉన్నావా!" అంది మీప్ గారు. "చీకట్లో తెలియలేదే."

"దొంగ కాదని నాకు మొదటి రోజే తెలుసమ్మా" అన్నారు బ్రాండ్స్మా గారు తాపీగా. "మెరిసే పట్టీలేసుకుని ఏ దొంగైనా వస్తాడా?"

"మరి ఎందుకివ్వలేదు?"

"రెండు వారాలు నా కిటికీ ముందు నిలబడ్డాడు. ఒక్కసారి బెల్లు కొట్టలేదు. మా ఆవిడ పోయినప్పుడు నేను తిన్నానా లేదా అని చూసింది వీళ్ళే. రోజుకొకరు తలుపు కొట్టి గిన్నె ఇచ్చి పోయారు. ఇలా బయట నిలబడి కొలతలు తీసుకునే మనిషిని వీళ్ళ పక్కన పెట్టి నేను వెళ్ళిపోవాలా?"

ఆ మాట నాకు సరిగ్గా తగిలింది. నిజమే కాబట్టి ఇంకా ఎక్కువ తగిలింది. యోస్ట్ తల దించుకుని తన బూట్ల చుట్టూ చేరిన నీళ్ళు చూసుకుంటున్నాడు. అప్పటిదాకా ఆయన మీదున్న కోపమంతా ఎందుకో ఉన్నట్టుండి ఆ గుండ్రంగా కూర్చున్నవాళ్ళ మీదకి తిరిగింది.

"మరి మీరు?" అన్నాను. "మీరంతా రెండు వారాలు కిటికీ లోపల నిలబడ్డారు. ఫొటోలు తీశారు, రాసుకున్నారు, నేను లావని కూడా రాసుకున్నారు. వానలో నిలబడ్డ మనిషిని ఏం కావాలి బాబూ అని ఒక్కరైనా తలుపు తీసి అడిగారా? మా ఆయన పిరికివాడే, ఒప్పుకుంటాను. ఇక్కడ ధైర్యవంతులెవరో చూపించండి!"

ఒకాయన కేకు ముక్కని చెంచాతో అటూ ఇటూ జరిపాడు. అంత అరిచాక నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. మీప్ గారు నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టి చేతిలో కాఫీ పెట్టింది.

"నువ్వన్నది నిజమే" అన్నారు బ్రాండ్స్మా గారు. "కానీ పొద్దున్నే సంతకం పెట్టేశానమ్మా. మాట వెనక్కి తీసుకోను."

"ఇల్లు కొన్నవాళ్ళు బెల్లు కొట్టారా?" అని అడిగాడు యోస్ట్. ఆ ఇంట్లోకొచ్చాక శుభాకాంక్షలు కాక ఆయన అన్న మొదటి మాట అదే.

"కొట్టారు. వీధిలో పిల్లలున్నారా అని అడిగారు. లేరు, మీరే తేవాలన్నాను."

అయిపోయింది. వెళ్దాం అన్నట్టు లేచాను. అప్పుడు మీప్ గారు కేకు పళ్ళెం తుడుస్తూ, వానెప్పుడు తగ్గుతుందో అన్నంత మామూలుగా అంది. "నేను జనవరిలో స్టేషన్ పక్క ఫ్లాటుకి మారిపోతున్నా. లిఫ్టుంది. ఈ ఏజెంట్లూ, పావుగంటల చూపులూ నాకు గిట్టవు. ఎవరైనా వచ్చి అడిగితే నా ఇల్లు ఇచ్చేద్దామనుకున్నా. ఎవరూ అడగలేదు."

నాకు నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. రెండు వారాలు మా ఆయన వీపు పెట్టుకుని నిలబడింది ఆ ఇంటి గుమ్మానికే.

"మీ ఇంటికి సాయంత్రం ఎండ ఎటు నుంచి వస్తుందండీ?" అన్నాడు యోస్ట్. "ఒకట్రెండు సాయంత్రాలు వచ్చి చూసుకుంటే..."

ఆయన కాలి మీద నా బూటు పెట్టి గట్టిగా నొక్కాను.

"శనివారం పదకొండింటికి కాఫీకి రండి" అంది మీప్ గారు. "లోపల్నుంచి చూద్దురుగాని." మేం బయల్దేరేముందు నా ఫోను తీసుకుని తనే ఏదో నొక్కి ఇచ్చింది. నన్ను వీధి గ్రూపులో చేర్చిందట.

శనివారం కూడా వానే. మొదటిసారి వాళ్ళింటికి ఉత్త చేతులతో వెళ్ళలేక యోస్ట్‌ని ముందు పంపి నేను సెంటర్‌లో పూలకొట్టు దగ్గర ఆగాను. పూలు చుట్టించుకుంటుంటే ఫోను మోగింది. గ్రూపులో ఫొటో. మీప్ గారి గుమ్మం ముందు పసుపు రెయిన్‌కోటు, వేలు బెల్లు దాకా వెళ్ళి గాల్లో ఆగిపోయింది, కళ్ళు వాచీ మీద. పదకొండుకి ఇంకా కొద్ది నిమిషాలున్నాయి, ముందుగా కొట్టడం మర్యాద కాదు కదా.

కింద మీప్ గారు రాసింది: 'వచ్చాడు. ఇంకా కొట్టలేదు.'

దాని కింద బ్రాండ్స్మా గారు రాశారు: 'కొట్టడు. చూస్తూ ఉండండి.'

పూలు చంకలో ఇరికించుకుని, తడి వేళ్ళతో అక్షరాలు వెతుక్కుంటూ నేనూ రాశాను.

'వానలో తడుస్తున్నాడు మీప్ గారూ. మీరే తలుపు తీయండి.'