మూసిన తూటాలో మాట

పొద్దున్నే కాఫీ పొయ్యి మీద పెట్టి, కుక్కకింత పడేసి, గ్యారేజీలోకి వెళ్ళి తూటాల ఇత్తడి గొట్టాలు తోమే డబ్బా స్విచ్చి వెయ్యడం డాగ్నీకి ముప్ఫై ఏళ్ళ అలవాటు. అక్రోటు పెంకుల పొడిలో గొట్టాలు గలగలమంటూ తిరుగుతుంటే ఇంట్లో మనిషి మసులుతున్నట్టే ఉండేది. మొగుడు ఆర్విడ్ ఏప్రిల్లో పోయాడు. డబ్బా మాత్రం తిరుగుతూనే ఉంది. లోపలి గొట్టాలు ఎప్పుడో అద్దాల్లా తయారయ్యాయి, అయినా తిప్పుతోంది. ఎవరేమంటారు? ఆవిడ గ్యారేజీ, ఆవిడ కరెంటు.

మోంటానాలో మా లోయలో అక్టోబరు వచ్చిందంటే ప్రతి గ్యారేజీలోనూ ఇదే పని. వేటకి తూటాలు కొట్లో కొనేవాళ్ళు తక్కువ. పేలిన గొట్టాన్ని తోమి, అడుగున నిప్పు రాజేసే కొత్త క్యాపు నొక్కి, కొలిచి తుపాకిమందు పోసి, పైన సీసపు గుండు బిగించుకుంటారు. గుండు బిగిసేముందు ఆ గొట్టం మీద ఆఖరున ఏ మాట పడితే ఆ మాట లోపల ఉండిపోతుంది. పేల్చినప్పుడు మోత వెనకాలే బయటికొస్తుంది, ఒక్కసారే. అందుకే వేట మొదలైన రోజున మా కొండల్లో ఢామ్మని ఒక మోత, వెంటనే "కరెంటు బిల్లు కట్టావా?" అని ఎవరిదో గొంతు. కొట్లో కొన్నదైతే కార్ఖానా ఫ్యాను చప్పుడు వస్తుంది. బుద్ధున్నవాళ్ళు బల్ల దగ్గర నోరు కట్టుకుని పని చేసుకుంటారు. ఆర్విడ్ ఎప్పుడూ కట్టుకోలేదు.

ఇంకొకరు నింపిన తూటా పేల్చకూడదని మా దగ్గర గట్టి కట్టుబాటు. వాడు మందెంత పోశాడో మనకి తెలీదు. ఎక్కువైతే తుపాకీ చేతిలోనే బద్దలవుతుంది. పైగా వాడి ఇంటి మాటలు మనకెందుకు? ఆర్విడ్‌తో నలభై ఏళ్ళు కలిసి వేటాడిన డెల్బర్ట్ కుర్రతనంలో మామగారి తూటా ఒకటి అడక్కుండా పేల్చాడు. "ఈ పనికిమాలినోడికా నా పిల్లనిచ్చింది" అని వినిపించింది. ఇప్పటికీ అది తలుచుకుని మొహం మాడ్చుకుంటాడు.

ఆర్విడ్ వదిలి వెళ్ళినవి ఆరు తూటాలు. మార్చిలో నింపినవి. అట్టపెట్టె మీద వంకర్లు తిరిగిన రాత. అప్పటికే అతనికి మతి తప్పుతోంది. బూట్లు ఫ్రిజ్‌లో పెట్టేవాడు. పెట్రోలు కోసం వెళ్ళి, దారి తెలియక వాగు వంతెన మీద బండి ఆపుకుని కూర్చునేవాడు. "గ్యారేజీకి తాళం వేసెయ్, డాగ్నీ" అని డెల్బర్ట్ రెండుసార్లు చెప్పాడు. ఆవిడకి మనసొప్పలేదు. ఆ బల్ల దగ్గరున్నంతసేపే అతను తన మొగుడిలా ఉండేవాడు.

వేటకి పది రోజులుందనగా డెల్బర్ట్ గుడ్డలో చుట్టిన రివాల్వర్ తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు.

"నా నలభై నాలుగు కాలిబరు. పట్టుకెళ్ళు. జింక కాదు కదా, ఎలుగైనా కూలబడుతుంది."

"జింక సంగతి తర్వాత, ముందు నా మణికట్టు కూలబడుతుంది," అంది డాగ్నీ. "అది పేలితే చెవిలో వారం రోజులు గంటలు మోగుతాయి. ఆర్విడ్ నలభై అయిదు రివాల్వర్ ఉండగా నాకిదెందుకు?"

"సరే, వాడిదే పట్టుకెళ్ళు. బరువైన గుండు, మెల్లగా పోయినా లోతుగా దిగుతుంది. వాగు గట్టున ఇరవై అడుగుల్లో జింకకి చాలు. కానీ నువ్వు నింపుకో. వాడు నింపినవి ముట్టుకోకు."

"ముప్ఫై ఏళ్ళు అతను వేసిన పాన్‌కేకులు తిన్నాను. అతని తూటా పేల్చలేనా?"

"పాన్‌కేకు చేతిలో పేలదమ్మా తల్లీ." డెల్బర్ట్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "చివరి రోజుల్లో చేతి నొప్పికి ఓర్చుకోలేక వాడు వెనక్కి గట్టిగా తన్నని తేలిక మందు వాడాడు. నలభై అయిదు గొట్టం ఎంత పెద్దది, ఆ మందు ఎంత? చిటికెడు. అడుగున ఎక్కడో పడుంటుంది. రెండుసార్లు పోసినా పైనుంచి చూస్తే తెలిసి చావదు. అప్పటికి వాడి తల ఎలా ఉందో నీకు తెలీదా?"

డాగ్నీ కప్పులో చెంచా తిప్పుతూ కూర్చుంది. "ఆరు మాటలున్నాయి డెల్బర్ట్, ఆ పెట్టెలో. అతని గొంతు ఇంకెక్కడా లేదు. టెలిఫోను రికార్డులో కూడా నా గొంతే ఉంది. నాకవి కావాలి."

డెల్బర్ట్ టోపీ మళ్ళీ తలకి పెట్టుకున్నాడు. ఒంటరిగా మాత్రం వెళ్ళొద్దని, తనూ వస్తానని అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఊరి చివర కంకర గుంట దగ్గరికి వెళ్ళారు. డాగ్నీ ఆరు తూటాలూ పెట్టెలో ఉన్న వరుస తప్పకుండా రివాల్వర్‌లోకి ఎక్కించింది. డెల్బర్ట్ బండి వెనకాల నిలబడ్డాడు, కాస్త సిగ్గుపడుతూనే.

మొదటిది పేలింది. మోత వెనకాలే ఆర్విడ్ గొంతు: "ఆ రేడియో కొంచెం తగ్గించవే, లెక్క తప్పుతోంది."

డాగ్నీకి నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళ నీళ్ళొచ్చాయి. ఎంత విసుగు ఆ గొంతులో, అచ్చం అతనే. తగ్గించిందో లేదో ఇప్పుడు గుర్తు లేదు. వెనక మీట బొటనవేలితో లాగింది, రెండో తూటా ముందుకొచ్చింది.

"ఒకటి అయింది, రెండు," అన్నాడు ఆర్విడ్.

ఆవిడకి ఇక ఆగాలని లేదు. ఆకలిమీదున్న మనిషి అన్నం చూసినట్టుంది. మూడోది పేల్చి, పొగ పోకముందే మీట లాగేసింది. నాలుగోది వచ్చి కూర్చుంది. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్ళింది. అప్పుడు వినిపించింది మూడోదాన్లోని మాట.

"ఈ పక్కదాన్లో... నాలుగోదాన్లో పోశానా? లేదా?" తర్వాత గొంతు పెంచి, "డాగ్నీ, వచ్చి కాస్త చూడవే. దీన్లో పోశానంటావా?"

దూరంనుంచి, వంటింట్లోంచి, ఒక ఆడగొంతు: "అనుమానంగా ఉంటే ఇంకోసారి పోసెయ్యి. సూపు చల్లారిపోతోంది, రా."

డాగ్నీ వేలు ట్రిగ్గర్ మీదే ఉంది.

"మీట దించు," అన్నాడు డెల్బర్ట్ బండి వెనకనుంచి, చాలా నెమ్మదిగా. "బొటనవేలు వదలకుండా దించు."

దించింది. మిగిలిన మూడు తూటాలూ తీసి అరచేతిలో పెట్టుకుంది. ఇద్దరూ బండెక్కి ఇంటికి వచ్చేశారు.

గుండు ఊడదీయడానికి మా దగ్గర ఒక ప్లాస్టిక్ సుత్తి ఉంటుంది. తూటాని దాని తలలో బిగించి నేలకేసి కొడితే గుండూ మందూ విడిపడతాయి, లోపలి మాట మెల్లగా బయటికొస్తుంది. డెల్బర్ట్‌ని పంపేసి డాగ్నీ గ్యారేజీ గచ్చు మీద కూర్చుని నాలుగోదాన్ని కొట్టింది. మందు జారి గిన్నెలో పడింది. త్రాసులో వేసి చూసింది. సరిగ్గా రెండింతలు. పేల్చి ఉంటే చెయ్యి పోయేది, మొహం కూడా.

ఊడిన గొట్టంలోంచి ఆర్విడ్ అన్నాడు: "సరే, నువ్వు చెప్పావుగా."

ఆ గొంతులో కోపం లేదు, అనుమానం లేదు. పెళ్ళాం చెప్పింది కాబట్టి అంతే. డాగ్నీ సుత్తి పక్కన పడేసి బల్లకి తల ఆనించి ఏడ్చింది. ఇరవై అడుగులు నడిచి వచ్చి చూడలేకపోయింది. సూపు చల్లారుతోందట.

అయిదోది, ఆరోది కూడా కొట్టింది, కొట్టక తప్పదు. వాటిలో మందు సరిగ్గానే ఉంది. అయిదోదాన్లో, "క్యాపులు అయిపోవచ్చాయి." ఆరోదాన్లో, "వస్తున్నానే, వస్తున్నా." అంతే. ఆ ఇంట్లో ఆర్విడ్ మాట ఇంకొక్కటి మిగల్లేదు. డాగ్నీ లేచి తోమే డబ్బా స్విచ్చి ఆపింది. ఏప్రిల్ తర్వాత ఆ గ్యారేజీ నిశ్శబ్దంగా ఉండటం అదే మొదలు.

మర్నాడు డెల్బర్ట్ వచ్చేసరికి ఆవిడ గుమ్మంలోనే చెప్పేసింది. "రెండింతలుంది. పొయ్యమన్నది నేనే, విన్నావుగా."

"విన్నాను." డెల్బర్ట్ బూటు మడమతో మెట్టు మీది మట్టి గీకాడు. "మందు విషయంలో వాడు పుట్టి బుద్ధెరిగి ఎవర్నీ అడగలేదు. నన్నసలే అడగలేదు. నిన్నడిగాడు."

"అందుకే కదా నా బాధ."

"అది సరే," అని చంకలోంచి ఒక డబ్బా తీశాడు. "ఇది నిదానంగా మండే మందు. కొలత పోస్తే నలభై అయిదు గొట్టం సగం దాటి నిండుతుంది. రెండోసారి పోశావో, పొర్లి బల్లంతా అవుతుంది. గుడ్డివాడిక్కూడా తెలుస్తుంది. ఆర్విడ్ రివాల్వర్ గట్టిది, తట్టుకుంటుంది. లేదూ, ఇదంతా ఎందుకనుకుంటే నా నలభై నాలుగు ఉండనే ఉంది. ఫ్యాను చప్పుడు తూటాలు రెండు పెట్టెలు కొనిస్తాను."

డాగ్నీ డబ్బా అందుకుంది. "నలభై అయిదే," అంది.

ఆ సాయంత్రం ఆరు గొట్టాలు నింపింది. పుస్తకంలో కొలత రెండుసార్లు చదివి, త్రాసులో తూచి పోసింది. గుండు పెట్టేముందు ఒక్కో గొట్టం మీదికి వంగి, టార్చి వేసి లోపలికి చూసింది. చూసి, ఏదో ఒక మాట చెప్పి, బిగించింది.

వేట మూడో రోజు పొద్దున్న వాగు గట్టున, ఆర్విడ్ కూర్చునే పడిపోయిన చెట్టు మీదే కూర్చుంది. గడ్డి మీద మంచు పట్టి ఉంది. ఏడు దాటాక తుప్పల్లోంచి ఒక కొమ్ముల జింక నీళ్ళకి దిగి, పక్కకి తిరిగి నిలబడింది. డాగ్నీ రెండు చేతులతో రివాల్వర్ ఎత్తి, ఊపిరి సగం వదిలి, ట్రిగ్గర్ నొక్కింది. జింక రెండడుగులు వేసి ఒరిగిపోయింది.

మోత వెనకాలే ఆవిడ గొంతు వాగు మీదుగా వెళ్ళింది:

"ఉండు, వచ్చి చూస్తున్నా. పోశావయ్యా. ఇంక పొయ్యకు."

అవతలి కొండ ఆ మాటే ఇంకోసారి అంది. డాగ్నీ లేచి నిలబడి చాలాసేపు విన్నది. ఇంకే గొంతూ రాలేదు. మిగిలిన అయిదు తూటాలూ తీసి జేబులో వేసుకుని, కత్తి తీసుకుని జింక దగ్గరికి నడిచింది.