యాభై ఎనిమిదిన్నర కిలోలు

టైర్ల షాపు యజమానిని వీధిలో అందరూ జాకీ అనే పిలిచేవారు. ఒకప్పుడు పంక్చరైన కారును ఒంటిచేత్తో ఎత్తి పట్టుకున్నాడని ఆ పేరు. ఎత్తింది రెండు చేతులతో, అదీ ఒక చక్రం నేల విడిచేంతవరకే. అయితే ఆ సంగతి సరిదిద్దాలని అతనికి ఎన్నడూ అనిపించలేదు. యాభై నాలుగేళ్ళొచ్చినా రోజూ పొద్దున్నే వెనక గదిలో ఇనుప బారుకు బిళ్ళలు తగిలించి ఎత్తేవాడు. బరువంటే కిలోల్లో చెప్పగలిగేది, ఎత్తితే లేచేది. అతని లోకజ్ఞానం దాదాపు అక్కడితో సరి.

భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. స్టూలెక్కి పై అరలోని గుడ్డల మూట దించబోయి, పడి, తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది. కూర్చున్నచోటినుంచి లేవడమే కొన్నాళ్ళు కష్టమని డాక్టరు చెబితే జాకీ నిశ్చింతగా తలూపాడు. ఆస్పత్రిలో చేరిన రోజు ఆవిడ బరువెంతో నర్సునడిగి తెలుసుకున్నాడు. యాభై ఎనిమిదిన్నర. ఇంటికొచ్చి బారుకు సరిగ్గా అంతే తూకం వేశాడు. ఆ అర కిలో మాత్రం బిళ్ళలతో కుదరక ఇసుక సంచీ కట్టాడు. పదిరోజులపాటు రోజుకు ముప్ఫైసార్లు ఎత్తి దించాడు.

తీరా ఆవిడ ఇంటికొచ్చాక, కుర్చీ ముందు నిలబడి, నడుం నిటారుగా పెట్టి, చంకల కింద చేతులేసి ఎత్తాడు. బారు భయపడదు, మెలికలు తిరగదు, మధ్యలో “అయ్యో” అనదు. ఆవిడ మూడూ చేసింది. పట్టు తప్పి ఆవిడ మళ్ళీ కుర్చీలో కూలబడింది. అతను ఆవిడ కాళ్ళ దగ్గర చతికిలబడ్డాడు. అదృష్టం బాగుండి తుంటికేమీ కాలేదు.

“నేనేమన్నా లారీ టైరునా అండీ?” అంది ఆవిడ, పాలిపోయిన ముఖంతో.

షాపు మూసి మూడు వారాలవుతోంది. సోమవారం తెరవక తప్పదు. పగలు ఇంట్లో ఇంకెవరూ ఉండరు. అప్పటికి ఆవిడ తనంతట తాను లేవలేకపోతే, వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలింటికి పంపాలని తేలింది. ఎన్నాళ్ళకో ఎవరూ చెప్పలేదు. ఆవిడకు ఇల్లు కదలడం ఇష్టం లేదు. ఆవిడ లేని ఇల్లు తలుచుకుంటేనే జాకీకి ముద్ద దిగలేదు.

ఆ చెల్లెలు ఫిజియోథెరపిస్టు. శుక్రవారం వస్తూ వస్తూ చివర్లో చేతిపిడులున్న రెండు పొడవాటి పట్టీలు తెచ్చింది.

“పైన దూలానికి గట్టి కొక్కెం బిగించండి బావగారూ. వీటిని పట్టుకుని వెనక్కి వాలి లేస్తుంటే, ఎవరి బరువు వాళ్ళకే కసరత్తు.”

“బట్టలారేసుకోవడానికి బాగుంటాయి.”

“ముందు మీరు వేలాడండి. కొక్కెం ఆగుతుందో లేదో తేలిపోతుంది.”

కొక్కెం ఆగింది. ఆగనిది జాకీయే. వెనక్కి వాలి, పాదాలు ముందుకు జరిపేకొద్దీ బరువు పెరిగింది. పదోసారికి పొట్టా పిక్కలూ వణికాయి. పట్టీలు చెరోవైపుకూ ఊగిపోయాయి.

“అబ్బో, బావగారికి సొంత బరువే బరువైంది” అంది మరదలు. అతని ముఖం చూసి కాస్త తగ్గింది. “ఇనుముదేం తప్పు లేదులెండి. కండ పెంచాలంటే అదే మేలు. అక్కకిప్పుడు కావలసింది ఒంటిని తూలకుండా నిలుపుకోవడం.”

భార్య పిడి దగ్గర కుట్టును గోటితో గీకి చూసింది. “తొందరలో వేసింది కాదు” అంది. ఆవిడకు ఆ భరోసా చాలు.

శని, ఆదివారాలు ఎన్నిసార్లు ప్రయత్నించినా సగం లేచి కూర్చుండిపోయింది. ఆవిడ తూలినప్పుడల్లా జాకీ చేతులు వాటంతటవే ముందుకొచ్చేవి. అవి తగలగానే ఆవిడ పట్టీలు వదిలేసి అతని మీద వాలిపోయేది.

“మీరు ఎత్తుతున్నంతకాలం అక్క లేవదు” అంది మరదలు.

సోమవారం పొద్దున సర్దిన సూట్‌కేసు గుమ్మం దగ్గరే ఉంది. భార్య పిడులు అందుకుని, “మీరు చేతులు వెనక్కి పెట్టుకోండి” అంది.

పెట్టుకున్నాడు. ఆవిడ సగం లేచి ఆగిపోయింది. మోకాళ్ళు వణికాయి, కొక్కెం కిర్రుమంది. ఎదురుగా అంత కష్టం కనిపిస్తుంటే ఊరికే నిలబడటం అతనివల్ల కాలేదు. వెనకే తన ఒక చేతి మణికట్టును రెండో చేత్తో బిగించి పట్టుకున్నాడు. ఆవిడ ఒక్కో వేలెడంత పైకి వచ్చింది. వచ్చి, నిలబడింది.

కాసేపు అలాగే నిలబడి, తెరిచి ఉన్న వెనక గదిలోకి చూసింది.

“ఆ బారుకు ఇసుక సంచీ ఏమిటండీ?”

“యాభై ఎనిమిదిన్నర కావాలిగా.”

ఆవిడకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. “ఆస్పత్రి తిండికి యాభై ఆరుకు దిగాను. విప్పెయ్యండి” అంది. తర్వాత, “వెళ్ళండి, షాపుకు ఆలస్యమవుతోంది” అంది.

వీధి చివర షాపు షట్టరు పైకి ఎత్తుతుంటే, మణికట్టు మీద తన వేళ్ళ గుర్తులే ఇంకా ఎర్రగా కనిపించాయి.