మత్తయి చెయ్యి అందేంత ఎత్తు

నేను అక్షరాలు దిద్దింది అరవై దాటాక. తప్పులుంటే సర్దుకొని చదవండి. ఈ కొంచెం రాయడానికి నాకు నెల పట్టింది.

మాది ఇబ్రహీంపట్నం. మా ఆయన మత్తయి చేతులు రొమ్ము దాటి పైకి లేచేవి కావు. నలభై ఏళ్లు ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. చర్చిలో అందరూ చేతులెత్తి ప్రార్థిస్తుంటే ఆయన మోకరించి నుదురు నేలకు ఆనించేవాడు. ఎంత భక్తి అని మెచ్చుకునేవారు. చొక్కా నేనే తొడిగేదాన్ని. ఊళ్లోకి కరెంటు వచ్చినప్పుడు స్విచ్ బోర్డును అన్ని ఇళ్లలోలాగే తలుపు పక్కన తల ఎత్తున బిగించి పోయారు. నేను పొలం నుంచి వచ్చేదాకా ఆయన చీకట్లోనే కూర్చునేవాడు. కిందికి దించమని అడిగితే ఎందుకంటారు. చేతులు ఎట్లా పోయాయో చెప్పాల్సి వస్తుంది. చెప్పనని నాతో బైబిలు మీద ఒట్టు వేయించుకున్నాడు.

చివరికి ఎలుకలు వైర్లు కొరికి, గోడ ముట్టుకుంటే షాకు కొట్టసాగింది. కొత్త వైరింగుకు యోబు వచ్చాడు. అతను మా ఆయన ప్రాణస్నేహితుడు అంజిలయ్య కొడుకు. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, కమ్యూనిస్టుల సంఘంలో తిరిగిన అంజిలయ్యను మిలిటరీవాళ్లు గుట్టల్లో పట్టుకొని కాల్చేశారు. అప్పుడు యోబు తల్లి నీలమ్మ కడుపులో ఉన్నాడు. మా ఆయన చేతుల్లోనే పెరిగాడు.

యోబు కొలతకు టేపు పట్టడు. ఇంటి పెద్దను గోడకు నిలబెట్టి చెయ్యి చాపమంటాడు. అరచెయ్యి ఆనిన చోట పెన్సిలు గీత గీస్తాడు. బోర్డు అక్కడే. ప్లగ్గులు మాత్రం మోకాలి ఎత్తున పెడతాడు. ఇంటి దీపం ఇంటి పెద్దకు అందాలని అతని పట్టుదల.

నా భుజం నొప్పి, కిందికి పెట్టమని నేను చెప్పాను. చోటు చూపించాను.

"గంత కిందికా? కోళ్లొచ్చి బల్బు వేస్తయి పెద్దమ్మా," అని నవ్వాడు.

నవ్వుతూనే మా ఆయన మణికట్టు పట్టుకొని పైకి లేపాడు. ఆయన మూలిగి కూలబడ్డాడు. యోబు బెదిరిపోయి, ఇది ఎప్పటి నుంచి అని అడిగాడు. బావిలో జారి పడ్డాడని నేను మొదలుపెట్టాను.

"సుసన్నా, నువ్వు ఊకో," అన్నాడు మా ఆయన. తర్వాత యోబు ముఖం చూడకుండా చెప్పాడు. "మిలిటరీ క్యాంపుల చేతులు ఎనకకు కట్టి దూలానికి ఏలాడదీసిండ్రు. రెండు దినాలు ఓర్చుకున్న. మూడోనాడు మీ నాయిన ఏ గుట్టల ఉన్నడో చెప్పిన."

యోబు పెన్సిలు చేతిలోకి తీసుకున్నాడు.

"నిలబడు," అన్నాడు. ఎప్పటిలా పెద్దబాపు అనలేదు.

మా ఆయన లేచి గోడకు చెయ్యి ఆనించాడు. అది రొమ్ము ఎత్తే. యోబు అక్కడ గీత గీశాడు. సాయంత్రం దాకా పని చేశాడు. నేనిచ్చిన చాయ్ గడప మీదే చల్లారింది. బల్బులన్నీ ఒకసారి వేసి చూసి, సామాను సర్దుకుంటూ నాతో అన్నాడు.

"మా అమ్మకు చెప్పకుండ్రి. ఆదివారం కూర వండితే ముందుగాల మీకే తీసి పెడతది."

ఆ రోజు నుంచి మా ఆయన లైటు తనే వేసుకున్నాడు. ఆయన ఉన్నన్నాళ్లూ యోబు మళ్లీ మా గడప తొక్కలేదు. ఆదివారం నీలమ్మ పంపిన కూర గిన్నె ముందు మా ఆయన తల వంచుకొని కూర్చునేవాడు. తినేవాడు కాదు. తినలేదని ఆమెకు తెలియకూడదని నేనే గిన్నె ఖాళీ చేసి, కడిగి పంపేదాన్ని. రెండేళ్లకు ఆయన పోయాడు. యోబు వచ్చాడు. శవపెట్టెకు భుజం ఇవ్వలేదు, అందరికంటే వెనక నడిచాడు. నీలమ్మ నా మెడ పట్టుకొని, తోడబుట్టినవాడు పోయినట్టు ఏడ్చింది. నేను నోరు తెరవలేదు.

మొన్న ఎండాకాలంలో నీలమ్మ కూడా పోయింది. అందుకే ఇప్పుడు రాశాను.

సుసన్న, డెబ్బై రెండేళ్లు, బిడ్డ ఇంట్లో, తుర్కయాంజాల్.